పలుగూ పారా పట్టిన పటాలాలు

ప్రశ్న: ఇంటి అటక మీద దొరికిన పాత ఇంగ్లీషు సైనిక చరిత్ర పుస్తకం ఒకటి చదువుతున్నాను. సాపర్, పయనీర్, గ్రెనేడియర్, ఫ్యూజిలియర్ అన్న పేర్లు పదేపదే తగులుతున్నాయి. నిఘంటువు తీస్తే అన్నింటికీ ‘ఒక రకపు సైనికుడు’ అనే ఉంది. వారికిచ్చిన సామానులో ‘మమోటీ’ అన్న మాట కూడా కనిపించింది. దయచేసి వివరించగలరు. — ఒక పాఠకుడు, కంటోన్మెంటు, విజయనగరం

జవాబు: మమోటీ మీ పెరట్లోనే ఉంటుంది కనుక ముందు దాని సంగతి చూద్దాం. మట్టిని కొట్టేది అన్న అర్థంలో తమిళులు ‘మణ్‌వెట్టి’ అని పిలిచే పారను, మద్రాసు ప్రెసిడెన్సీలోని దొరలు నోరు తిరగక మమోటీగా మార్చుకున్నారు. మన జిల్లాలు కూడా అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోనివే కాబట్టి మన పారకూ ఆ పేరే అంటుకుంది.

సాపర్ కూడా పారకు చుట్టమే. ఇటాలియన్ భాషలో ‘జప్పా’ అంటే నేల తవ్వే పనిముట్టు. కోటను ముట్టడించిన సైన్యం, బురుజుల మీది ఫిరంగులకు దొరకకుండా వంకరటింకరగా కందకం తవ్వుకుంటూ గోడ మొదటి దాకా చేరేది. ఆ కందకం తవ్వినవాడు సాపర్, గోడ కింద సొరంగం తవ్వి మందుగుండు పెట్టినవాడు మైనర్. మద్రాసు సాపర్లని పేరుపొందిన దళం 1780లో మద్రాసు పయనీర్లుగా మొదలై, నేటికీ బెంగళూరు కేంద్రంగా మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ అన్న పేరుతో కొనసాగుతోంది.

పయనీర్ అంటే ఇప్పుడు మార్గదర్శి అని అర్థం చెప్పుకొంటున్నాం గానీ, ఆ మాట పాత ఫ్రెంచిలో కాలిబంటును సూచించే ‘పయోన్’ నుంచి వచ్చింది. సైన్యం కంటే ముందు నడిచి, చెట్లు కొట్టి, దారి చదును చేసే పని ఆ బంటుది. చదరంగంలోని ‘పాన్’, మన కార్యాలయాల్లోని ప్యూను కూడా ఆ కుదురులోని మాటలే. తెలుగులో చదరంగపు పావును బంటు అనడం, ప్యూనును బంట్రోతు అనడం చూస్తే, రెండు భాషలూ ఒకే దారిన నడిచాయని ముచ్చట వేస్తుంది.

గ్రెనేడియర్ పేరు వెనుక దానిమ్మపండు ఉంది. ఫ్రెంచిలో గ్రెనేడ్ అంటే దానిమ్మ. మందు దట్టించిన ఇనుప గుండు ఆ పండును పోలి ఉండటంతో దానికీ ఆ పేరే పెట్టారు. దానిని దూరంగా విసరాలంటే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి కావాలి గనుక, 17వ శతాబ్దంలో అటువంటివారిని ఏరి దళాలు కట్టారు. తర్వాత కాలంలో గుండ్లు విసరడం తగ్గిపోయినా, ఏరిన జవాన్ల దళానికి ఆ పేరు గౌరవంగా మిగిలిపోయింది.

ఫ్యూజిలియర్ కథ ఇంకా సొగసైనది. పాత తుపాకులను పేల్చడానికి సిపాయి ఎప్పుడూ రగిలే వత్తి పట్టుకుని ఉండాలి. ఫిరంగి దళం దగ్గర మందు పీపాలు ఉంటాయి. అక్కడ రగిలే వత్తితో కాపలా కాయడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అందుకని చెకుముకి రాయి దెబ్బతో పేలే ‘ఫ్యూజిల్’ అనే తేలికపాటి తుపాకిని కాపలావారికి ఇచ్చారు. ఇంగ్లండులో 1685లో ఏర్పడిన రాయల్ ఫ్యూజిలియర్లు అలా ఫిరంగుల కాపలాకు పుట్టినవారే. ఫ్యూజిల్ అంటే మొదట చెకుముకితో నిప్పు పుట్టించే ఉక్కుముక్క. దాని మూలమైన లాటిన్ మాటకు అర్థం పొయ్యి.

ఇక పటాలం అన్నది బెటాలియన్‌కు మన నోట వచ్చిన రూపం. కంపెనీ అంటే లాటిన్ మూలార్థంలో ఒక రొట్టె పంచుకు తినేవారు. మన పెద్దలు కుంఫిణీ అన్నది ఆ మాటనే, అయితే ఆ కుంఫిణీ రొట్టె పంచిందో లాక్కుందో వేరే సంగతి.

ప్రశ్న: మాది వడ్రంగం పని చేసే కుటుంబం. కొయ్యకు బెజ్జం వేసే బరమాను ఇంగ్లీషులో ‘ఆగర్’ అని ఎందుకంటారు? గట్టి నేల తవ్వే పికాక్స్‌లో గొడ్డలి (యాక్స్) ఎక్కడుంది? — ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: పికాక్స్‌లో గొడ్డలి లేదు. పాత ఫ్రెంచిలో దాని పేరు ‘పికాయిస్’. చివరి ధ్వని తమ గొడ్డలి పేరులా వినిపించడంతో ఇంగ్లీషువారు అలా సరిదిద్దుకున్నారు. ఆగర్‌కు మాత్రం ఒకప్పుడు ముందు నకారం ఉండేది. ‘ఎ నాగర్’ అన్న మాటను ‘యాన్ ఆగర్’ అని విన్నవారు ఆ నకారాన్ని ఊడగొట్టారు. అసలు రూపం ‘నఫుగార్’. నఫు అంటే బండిచక్రపు నడిమి భాగం, మన సంస్కృత ‘నాభి’కి దాయాది, గార్ అంటే బల్లెం. చక్రపు నాభికి బెజ్జం వేసే బల్లెం అన్నమాట. ఇంగ్లీషు ‘గార్లిక్’లోనూ ఈ బల్లెమే ఉంది, వెల్లుల్లి వారికి బల్లెపు ఉల్లి.

ప్రశ్న: వంశధార కాలువ మీద తూములు చూసే ఉద్యోగిని లస్కరు అంటాం. ఇది ఏ భాష మాట? — మరొక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పారశీకంలో ‘లష్కర్’ అంటే సైన్యం. ఇంగ్లీషువారి నోట అది లస్కరై, అర్థం కుంచించుకుపోయి, ఫిరంగులు లాగేవారికీ, డేరాలు వేసేవారికీ, ఓడల్లో పనిచేసే మన దేశపు నావికులకూ పేరైంది. నీటిపారుదల శాఖ తూముల దగ్గర పెట్టిన మనిషికీ ఆ పేరే అంటుకుంది. కాబట్టి రాత్రివేళ గట్టుకు గండి పడిందని మీరు లేపే మనిషి పేరులో ఒక సైన్యమంతా ఉంది; చేతిలో మాత్రం మమోటీయే ఉంటుంది.