పీక్ గంటల్లో ప్రభుత్వ కార్యాలయ భవనంలో కరెంటు వాడకం తగ్గించడం: మా అనుభవం

డిమాండ్ ఎక్కువగా ఉండే గంటల్లో, పనికి ఆటంకం లేకుండా ప్రభుత్వ భవనంలో విద్యుత్ వాడకాన్ని తగ్గించగలమా అని మీరు అడిగారు. ఆరంతస్తుల కార్యాలయ భవనంలో విద్యుత్ నిర్వహణ చూసిన అనుభవంతో చెబుతున్నాను: తగ్గించగలం, కానీ స్విచ్ బోర్డుల పక్కన స్టిక్కర్లు అంటించి మాత్రం కాదు. మేమూ మొదట ఆ పనే చేశాం, లైట్లు ఆర్పమని సర్క్యులర్ కూడా పంపాం. నెలాఖరున చూస్తే బిల్లులో గరిష్ఠ డిమాండ్ అంకె, అంటే ఆ నెలలో భవనం ఒకేసారి లాగిన అత్యధిక విద్యుత్తు, దాదాపు ఉన్నచోటే ఉంది.

ఆ తర్వాత నేను ప్యానెల్ గదిలో కూర్చుని 15 నిమిషాలకొకసారి మీటరు రీడింగు నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం 3 గంటలకు అంకె రోజూ ఎగబాకుతోంది. ఎండే కారణమనుకున్నాను గానీ, తీరా ఆరా తీస్తే సరిగ్గా అదే సమయానికి పై ట్యాంకు నింపే మోటార్లు రెండూ నడుస్తున్నాయి. ఆపరేటరు తప్పేమీ లేదు, డ్యూటీ చార్టులోనే అలా ఉంది. తెల్లవారుజామున నింపేలా చార్టు మార్చాం, ఖర్చేమీ కాలేదు.

అయితే అసలు భారం ఏసీలదే. పీక్ మొదలయ్యే ముందే భవనాన్ని ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరిచి, పీక్ గంటల్లో థర్మోస్టాట్‌ను పెంచితే, గోడలు, శ్లాబులు పట్టి ఉంచుకున్న చల్లదనం కొంతసేపు ఆదుకుంటుంది. మాకు కింది అంతస్తుల్లో అది రెండు గంటలు నిలిచింది. ఎండ నేరుగా శ్లాబుకు తగిలే పై అంతస్తులో గంట కూడా నిలవలేదు. గాలిని తోసే ఫ్యాన్లకు వేగం మార్చే డ్రైవులుంటే వాటినీ వాడుకోండి: వేగాన్ని 20 శాతం తగ్గిస్తే ఫ్యాను తీసుకునే విద్యుత్తు దాదాపు సగమవుతుంది.

ఇక్కడ మేమొక పొరపాటు చేశాం. పీక్ ముగియగానే అన్ని అంతస్తుల థర్మోస్టాట్లనూ ఒకేసారి తగ్గించడంతో కంప్రెసర్లన్నీ కలిసి అందుకుని, మధ్యాహ్నం తప్పించుకున్న దానికంటే పెద్ద డిమాండ్ సాయంత్రం నమోదైంది. మర్నాటి నుంచి అంతస్తుకూ అంతస్తుకూ పావుగంట ఎడం పాటించాం. ఎలాగూ ఇంటికెళ్లే వేళ కాబట్టి చివరి రెండంతస్తులను అలాగే వదిలేశాం.

ఉద్యోగుల ఫిర్యాదుల సంగతికొస్తే, జపాన్ 2005లో ‘కూల్ బిజ్’ పేరుతో ప్రభుత్వ కార్యాలయాల్లో ఏసీలను 28 డిగ్రీల వద్ద ఉంచమన్నప్పుడు, కోట్లు, టైలు అక్కర్లేదని కూడా చెప్పింది. ఆ రెండో మాట లేకపోతే మొదటిది నిలిచేది కాదని నా అభిప్రాయం. మా దగ్గర పెద్ద అధికారి ఛాంబరులో ఏసీ 18 దగ్గర ఉన్నన్నాళ్లూ మిగతావారికి 26 అని చెప్పడానికి మాకే నోరు రాలేదు. ఆయన ఒప్పుకుని తన గదితోనే మొదలుపెట్టించాక ఫోన్లు తగ్గాయి.

సర్వర్ గదిని మాత్రం ఈ ఏర్పాటులోకి తేకండి. మీ మీటరు ఏ సమయంలో ఎంత డిమాండ్ నమోదైందో చూపిస్తుందేమో ముందు కనుక్కోండి. చూపించకపోతే, ఓ వారం పాటు మీరూ నోట్‌బుక్ పట్టుకుని ప్యానెల్ గదిలో కూర్చోవలసిందే.