మదర్‌బోర్డు పోయిందనుకునే ముందు: పాత ల్యాప్‌టాప్‌ల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మొదటి వాక్యం ఒకటే: "మా పాత ల్యాప్‌టాప్ ఆన్ అవడం లేదు." ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులున్నాయి. అసలు కరెంటే లోపలికి వెళ్లకపోవడం ఒకటి. కరెంటు వెళ్లి ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగా ఉండిపోవడం ఇంకొకటి. తెర వచ్చాక విండోస్ దాకా పోలేక మధ్యలో ఆగడం మూడోది. వీటిలో మీది ఏదో తేలకుండా ఏ పార్టు మార్చినా డబ్బు దండగే.

ప్రశ్న: పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్. మూడు నెలలు బీరువాలో ఉంచి మొన్న తీస్తే ఉలుకూ పలుకూ లేదు, ఒక్క లైటూ వెలగట్లేదు. షాపుకి తీసుకెళ్తే విప్పకుండానే మదర్‌బోర్డు పోయింది, ఏడు వేలవుతుంది అన్నారు. మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు అందులోనే ఉండిపోయింది. ఏం చేయమంటారు?
*– పటమట, విజయవాడ*

జవాబు: ముందు ప్రాజెక్టు సంగతి చూద్దాం. అది ఉండేది హార్డ్ డిస్కులో. మదర్‌బోర్డు నిజంగానే పోయినా డిస్కు మామూలుగా బాగానే ఉంటుంది. వెనక మూత విప్పి ఆ 2.5 అంగుళాల డిస్కుని బయటికి తీసి, సాటా టు యూఎస్‌బీ కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లు కనబడతాయి. డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి వాడుతుంటే ఆ కీ చాలావరకు ఆ అకౌంటులోనే సేవ్ అయి ఉంటుంది. మెషీనుని షాపులో వదలాల్సి వస్తే డిస్కు తీసి ఇంట్లో పెట్టుకోండి. కరెంటు లోపం వెతకడానికి డిస్కుతో పని లేదు.

ఇక మెషీను. మూడు నెలలు మూలన పడున్న పాత బ్యాటరీలో ఛార్జి మిగిలి ఉండదు, కాబట్టి అంతా అడాప్టర్ మీదే ఆధారపడి ఉంది. ముందు దాన్ని జంక్షన్ బాక్సుకి కాకుండా నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టండి. ల్యాప్‌టాప్‌కి ఇంకా గుచ్చొద్దు. అడాప్టర్ మీద చిన్న లైటు ఉంటే అది వెలగాలి. వెలగకపోతే గోడ నుంచి అడాప్టర్ దాకా వచ్చే మూడు పిన్నుల కార్డు మార్చి చూడండి. ఒక చివర మూడు రేకుల పువ్వులా ఉండే కార్డు అది. అడాప్టర్ మొత్తం కొనే ముందు తక్కువ ధరకి దొరికే ఆ కార్డుని అనుమానించాలి.

లైటు వెలిగిందా? ఇప్పుడు పిన్ను ల్యాప్‌టాప్‌కి గుచ్చి, కళ్లు అడాప్టర్ మీదే పెట్టండి. గుచ్చగానే లైటు ఆరిపోయి, పీకేశాక మళ్లీ వెలిగితే లోపల ఎక్కడో షార్ట్ ఉంది. అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. అప్పుడు పదే పదే గుచ్చి చూడకండి, అది చిప్ లెవెల్ రిపేరు (బోర్డు మీది చిన్న పార్టుల్ని మార్చడం) తెలిసినవాళ్ల పని. చాలాసార్లు ఛార్జింగ్ దారిలో కెపాసిటరో, మాస్‌ఫెట్టో అనే ఒక చిన్న పార్టు షార్ట్ అయి ఉంటుంది. బోర్డంతా మార్చాలనేవాళ్లని "షార్ట్ ఏ లైన్‌లో వచ్చింది?" అని అడగండి. కొలిచి చూసినవాళ్లు చెప్పగలరు.

లైటు ఆరకపోయినా అడాప్టర్ మంచిదని తేలినట్టు కాదు. వోల్టులు కొలిచే మల్టీమీటర్‌ని డీసీ 200 వోల్టుల రేంజిలో పెట్టండి. 20 రేంజిలో పెడితే 20 వోల్టుల అడాప్టర్‌కి మీటరు మీద ఉత్త 1 కనబడి తికమక పెడుతుంది. ఎర్ర వైరు పిన్ను లోపలి గోడకి, నల్ల వైరు బయటి గోడకి తాకించండి. ఆ రెండు గోడల్నీ ఒకే మొనతో కలపొద్దు. డెల్, హెచ్‌పీ అడాప్టర్లలో మధ్యనుండే సన్న సూది వోల్టేజీ కోసం కాదు, అది అడాప్టర్ ఫలానాదని ల్యాప్‌టాప్‌కి చెప్పే సూది. అది వంగినా విరిగినా మెషీను నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు. మీటరులో లేబుల్ మీద రాసిన 19, 19.5 లేదా 20కి దగ్గర అంకె రావాలి. వచ్చినా లోడు పడగానే కూలిపోయే అడాప్టర్లుంటాయి, అందుకని ఇంకొకటి పెట్టి చూడటమే గట్టి పరీక్ష. అరువు తెచ్చిన దానికి వోల్టులు, పిన్ను సరిగ్గా సరిపోవాలి. ఆంపియర్లు ఎక్కువైతే ఫరవాలేదు, తక్కువ మాత్రం కాకూడదు.

అడాప్టర్ నిక్కచ్చిగా ఉందని తేలాక, ఛార్జరు పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు అదిమి పట్టుకోండి. బ్యాటరీ లోపలే ఉండే మోడల్ అయితే వెనక మూత విప్పి దాని కనెక్టర్‌ని గోటితో మెల్లగా వెనక్కి జరపాలి, వైర్లు పట్టుకుని లాగొద్దు. బటన్‌ని కనిపెట్టుకుని ఉండే చిన్న కంట్రోలర్ ఒకటి ల్యాప్‌టాప్ ఆపేసినా మేలుకునే ఉంటుంది. అది బిగుసుకుపోతే బటన్ ఎన్నిసార్లు నొక్కినా వినపడదు. మిగిలిన ఛార్జి దిగిపోతే మళ్లీ మొదటినుంచి లేస్తుంది. తర్వాత బ్యాటరీ లేకుండా ఛార్జరు ఒక్కదానితో బటన్ నొక్కండి. ఆన్ అయితే దోషం బ్యాటరీది కావొచ్చు. బయటికి తీసినప్పుడే దాని వీపు చూడండి. దిండులా ఉబ్బి ఉంటే మళ్లీ పెట్టొద్దు, గుచ్చొద్దు, నొక్కొద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా చప్పుడు లేకపోతే ఛార్జరు గుచ్చే జాకు, ఆ తర్వాతే మదర్‌బోర్డు. పిన్నుని కాస్త కదిపితే లైటు వచ్చి పోతుంటే అది జాకే.

ప్రశ్న: ఆన్ చేసిన ప్రతిసారీ టైమ్ తప్పు, తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం. ఎఫ్1 నొక్కమంటుంది. నిన్నటి నుంచి విండోస్ కూడా రావట్లేదు, నీలం తెర వస్తోంది. ఫార్మాట్ చేయాలంటున్నారు.
*– లక్ష్మీపురం, గుంటూరు*

జవాబు: ఫార్మాట్ చేయకండి. టైమునీ సెట్టింగుల్నీ నిలిపి ఉంచే సీమాస్ బ్యాటరీ అయిపోయింది, అంతే. రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032, 3 వోల్టులది. చాలా ల్యాప్‌టాప్‌లలో దానికి చిన్న వైరు, కనెక్టర్ అతికించి ఉంటాయి, అదే రకం అడిగి కొనండి. అది అయిపోతే బయోస్ (విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికొస్తాయి. ఏహెచ్‌సీఐ, రెయిడ్ అనేవి డిస్కుతో మాట్లాడే రెండు పద్ధతులు. మీ విండోస్ ఏహెచ్‌సీఐ మోడ్‌లో ఇన్‌స్టాల్ అయి ఉండి, బయోస్ తనంతట తాను రెయిడ్‌కి మారితే (లేదా అటుది ఇటైతే) నీలం తెరే వస్తుంది. బ్యాటరీ మార్చి, బయోస్‌లోకి వెళ్లి, సాటా మోడ్ అనే ఆ సెట్టింగుని రెండోదానికి మార్చి చూడండి. "బూట్ డివైస్ లేదు" అని వస్తుంటే విండోస్‌ని మొదలుపెట్టే పద్ధతికి సంబంధించిన యూఈఎఫ్‌ఐ, లెగసీ అనే సెట్టింగుని కూడా అలాగే మార్చి చూడాలి.

ప్రశ్న: పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. డిస్‌ప్లే మార్చాలా?
*– బ్రాడీపేట, గుంటూరు*

జవాబు: ఒక నిమిషం ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా ఆ మీటకుండే లైటు వెలిగి ఆరుతుంటే లోపల మెషీను నడుస్తోంది, చూపించడం దగ్గరే ఇబ్బంది. లైటు కదలకపోతే మెషీను ఇంకా మేలుకోలేదు. ఈ రెండో సందర్భంలో కొత్త డిస్‌ప్లే వేసినా నల్లగానే ఉంటుంది.

నడుస్తోందని తేలితే గదిలో లైట్లు ఆర్పి, ఫోను టార్చిని తెరకి ఏటవాలుగా పట్టండి. చాలా మసకగా అక్షరాలో బొమ్మో కనిపిస్తే తెర వెనకుండే లైటు, బ్యాక్‌లైట్, పోయింది. ఏమీ కనబడకపోతే టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టండి. అక్కడ బొమ్మ వస్తే ప్యానెలో, దానికెళ్లే కేబులో. మూత తెరిచి మూసేటప్పుడు బొమ్మ వచ్చి పోతుంటే మడత బందు దగ్గర కేబుల్ నలిగింది. ప్యానెల్ జోలికి పోకుండా కేబుల్ మార్పించండి.

మేలుకోలేదని తేలితే మొదటి అనుమానం ర్యామ్ మీద. ఛార్జరు, బ్యాటరీ రెండూ తీశాకే దాన్ని ముట్టుకోవాలి. రెండు పక్కల క్లిప్పుల్ని బయటికి వంచితే ర్యామ్ ముక్క దానంతటదే పైకి లేస్తుంది. కింది అంచున పసుపు గీతలు ఉంటాయి. మన దగ్గర గాలిలో తేమకి వాటి మీద సన్నటి పొర పడుతుంది. స్కూలు పిల్లలు వాడే మెత్తటి తెల్ల రబ్బరుతో, కిందికే తప్ప అడ్డంగా కాకుండా, నాలుగైదు సార్లు రుద్దండి. పొట్టు పొడి బట్టతో దులిపేయాలి, నోటితో ఊదితే తుంపర పడుతుంది. తిరిగి పెట్టేటప్పుడు ఏటవాలుగా గట్టిగా లోపలికి తోసి, పసుపు గీతలు దాదాపు కనబడకుండా పోయాక కిందికి నొక్కితే క్లిప్పులు టిక్కుమంటాయి. ఈ జాగా దగ్గర చాలామంది తొందరపడతారు. సగం దిగిన ర్యామ్ కూడా పడుకుంటుంది, పనిచేయదు. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటే, ఒక్కో స్లాటులో మార్చి మార్చి చూడండి.

చాలా పాత డెల్ మోడళ్లు కూతలతో కూడా చెబుతాయి: 2 కూతలైతే ర్యామ్ కనబడలేదని, 4 అయితే ర్యామ్ చెడిందని, 5 అయితే సీమాస్ బ్యాటరీ అని, 8 అయితే తెర అని. కొత్త ర్యామ్ కొనాల్సి వస్తే పాతదాని లేబుల్ ఫొటో తీసుకెళ్లండి. ర్యామ్ రకాల్లో డీడీఆర్3 1.5 వోల్టులది, డీడీఆర్3ఎల్ 1.35ది. రెంటికీ 204 పిన్నులే కాబట్టి స్లాటులో పడతాయి, కానీ 1.35 మాత్రమే ఒప్పుకునే బోర్డులో మొదటిది వేస్తే తెర నల్లగానే ఉంటుంది.

ప్రశ్న: మాది మిర్చి యార్డులో కమీషన్ షాపు. లెక్కలు చూసే ల్యాప్‌టాప్ పొద్దున ఆన్ అవుతుంది, పావుగంటకి టప్పున ఆరిపోతుంది. వెంటనే నొక్కితే లేవదు, అరగంట ఆగితే లేస్తుంది.
*– గుంటూరు*

జవాబు: అరగంట ఆగితే లేస్తోందంటే వేడే. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకి వెళ్తే తనను తాను ఆపేసుకుంటుంది. మీ చోట గాలిలో దుమ్ముతో పాటు కారం, మిరప తొక్కల పొడి ఉంటుంది. ఫ్యాను లాగిన ఆ పొడి అంతా ఫ్యానుకీ, రాగి గొట్టం చివరనుండే సన్న రేకులకీ మధ్య చేరి దుప్పటి ముక్కలా అట్ట కడుతుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ అట్ట ఊడదు, వెనక్కి జరుగుతుందంతే. మూత తీసి, ఫ్యాను స్క్రూలు విప్పి, అట్టని చేత్తో ఎత్తి తీసేయాలి. ఆ తర్వాత బ్లోయర్, అదీ ఫ్యాను రెక్కల్ని వేలితో ఆపి పట్టుకుని. గాలికి అది గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది. ఈ పని ఆరుబయట, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. లోపలున్నది కారమని మర్చిపోవద్దు.

చిప్పు మీది రాగి పలకని కూడా ఎత్తితే, చిప్పు వేడిని పలకకి చేరవేసే పాత థర్మల్ పేస్టు ఎండి సుద్దలా రాలుతుంది. పూర్తిగా తుడిచి, చిప్పు మధ్యలో బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టండి. పక్క చిప్పుల మీద రబ్బరులాంటి మెత్తటి ప్యాడ్లుంటే వాటి చోట పేస్టు రాయొద్దు, ఆ సందు పేస్టుతో నిండదు. వాడేటప్పుడు మెషీనుని బస్తా మీదో పరుపు మీదో పెట్టకండి, గాలి లాగే రంధ్రాలు అడుగునే ఉంటాయి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ల్యాప్‌టాప్ ఒక రోజంతా నీళ్లలో ఉంది. బియ్యం డబ్బాలో పెట్టి ఆరబెట్టి, కవరులో చుట్టి దాచాం, ఆన్ చేయలేదు. అందులో పెళ్లి ఫొటోలున్నాయి. ఇప్పుడు ఛార్జింగ్ పెట్టొచ్చా?
*– సింగ్‌నగర్, విజయవాడ*

జవాబు: పెట్టొద్దు. ఇన్నాళ్లూ ఆన్ చేయకపోవడం మీరు చేసిన మంచి పని, దాన్ని ఇప్పుడు చెడగొట్టుకోకండి. బియ్యం పైపైన తేమని కాస్త పీలుస్తుందేమో గానీ, వరద నీటితో వచ్చిన ఒండ్రునీ, ఉప్పునీ తీయలేదు. అవి బోర్డు మీదే మిగిలి, రాగికి పచ్చటి చిలుము పట్టించి ఉంటాయి. కరెంటిస్తే ఆ చిలుము గుండా షార్ట్ అవుతుంది.

మెషీను మీద ఆశ పెట్టుకోకండి, ఫొటోల మీద పెట్టుకోండి. మూత విప్పి ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. తర్వాత డిస్కు ఏ రకమో చూడండి. చిన్న పచ్చ బోర్డు ముక్కలా ఉంటేనో, తేలికగా ఉండి మీద ఎస్‌ఎస్‌డీ అని రాసుంటేనో అవకాశాలు బాగున్నాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి టూత్‌బ్రష్‌తో కనెక్టర్లనీ బోర్డునీ కడిగి, ఒక రోజు ఫ్యాను గాలికి ఆరనిచ్చి, సరిపోయే యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించండి. కనబడగానే మొదట ఫొటోలు కాపీ చేయండి. ఆ డిస్కుని మళ్లీ వాడకానికి పెట్టొద్దు.

బరువుగా, లోపల పళ్లెం తిరిగే పాత రకం హార్డ్ డిస్కయితే సంగతి వేరు. అలాంటి చాలా డిస్కుల మీద గాలి ఆడటానికి సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది, మునిగినప్పుడు బురద నీళ్లు అందులోంచి లోపలికి వెళ్తాయి. ఒక్కసారి తిప్పినా ఆ ఒండ్రు పళ్లేన్ని గీరేస్తుంది, ఫొటోలు ఇక ఎవరూ తేలేరు. దాన్ని ఇంట్లో విప్పకుండా, ఎవరి కంప్యూటర్‌కీ తగిలించకుండా, ధూళి లేని గది ఉన్న డేటా రికవరీ ల్యాబుకే ఇవ్వండి. వరదలో మునిగిందనీ, ఆ తర్వాత కరెంటు ఇవ్వలేదనీ వాళ్లకి ముందే చెప్పండి. తీసిన బ్యాటరీని చెత్త బండిలో వేయకండి, రెండు మొనలకీ టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.