పాపా, వాన రోజు వార్నిష్ కొట్టొద్దు

పాపా,

చిన్న బొమ్మలకు రంగులేసి, ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్ముతావంట కదా, మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. మొదటిది లేపాక్షి నందే అంట. విన్నప్పట్నుంచి ఒక పక్క సంతోషం, ఒక పక్క టెన్షన్. శనక్కాయలు ఒలిచే దుమ్ముకే చిన్నప్పుడు నీకు ఆయాసం వచ్చేది, మర్చిపోయావా? స్ప్రే డబ్బా పట్టుకుంటే మిద్దె మీదికి పో, గదిలో తలుపులేసుకుని కొట్టావంటే నేనే బస్సెక్కి వచ్చి తిడతా. గుడ్డ మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు. ఆవిరిని పట్టే ఫిల్టర్లు బిగించే మాస్కు కొనుక్కో.

రంగు సంగతి నీకు తెలిసిందే. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, రంగు పట్టుకునేలా ముందు ప్రైమర్ పూత వేసి, పల్చగా రెండు మూడు పూతలు. చిక్కగా పూస్తే నంది మెడలో గంటలు పూడిపోతాయి.

వార్నిష్ గురించి మాత్రం బాగా విను. స్టూడియో నడిపే రోజుల్లో నేనూ ఒక నందిని చేశాను. అసలుది 27 అడుగుల పొడవు, 72వ వంతుకు తగ్గిస్తే నాలుగున్నర అంగుళాలు. రాతి రంగు కుదరక మూడుసార్లు లేపాక్షికి పోయి చూసొచ్చాను, ఒట్టి బూడిద రంగు వేస్తే సిమెంటు బొమ్మలా ఉంటుంది మరి. నెల పట్టింది. చివర్లో మ్యాట్ వార్నిష్, అదే మెరుపు లేని రకం, కొడదామనుకున్న సాయంత్రమే వాన. అనంతపురంలో వానంటే తెలుసు కదా, వీధంతా బయటికొచ్చి నిలబడింది. ఈ కరువు సీమలో చెమ్మ ఏం చేస్తుందిలే అని నేను వసారాలోనే డబ్బా ఊపి కొట్టేశాను. ఆరేకొద్దీ ఒళ్లంతా తెల్లటి పొర. భయపడి ఇంకో పూత కొట్టాను, ఇంకా తెల్లబారింది. బయట పక్కింటాయన శనక్కాయ పైరు బతికిందని సంబరపడుతున్నాడు, లోపల నేను ఏడుస్తున్నాను. గాలిలో తేమ ఆ పూతలో చిక్కుకుని అట్లా అవుతుందని తర్వాత తెలిసింది. మీ పెద్దమ్మ మాత్రం "ఏమైందిప్పుడు, విభూతి అభిషేకం అయినట్టుంది" అని దాన్ని తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. నువ్వు చిన్నప్పుడు ముక్కు పట్టుకుని లాగేదానివే, అదే.

అందుకే పొడి ఎండ ఉన్న రోజు చూసుకో, ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూడు.

ఫోటోకు ఫ్లాష్ వద్దు, ట్యూబులైటు ఆర్పెయ్. కిటికీకి మీ నాయన తెల్ల పంచె అడ్డం కడితే వెలుగు మెత్తగా పడుతుంది. వెనక చార్టు గోడ నుంచి బల్ల మీదికి వంపుగా రావాలి, మడత పడకూడదు. ఫోను మరీ దగ్గర పెడితే ముక్కు ఒక్కటే తేటగా వచ్చి తోక మసకైపోతుంది, కాస్త వెనక్కి జరిగి జూమ్ చెయ్. కెమెరా అయితే ముక్కూ తోకా రెండూ తేటగా వచ్చేలా లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11కి పెట్టు, స్టాండు, రెండు సెకన్ల టైమర్. పైనుంచి తీయొద్దు. లేపాక్షిలో మనం నందిని తలెత్తి చూస్తాం కదా, లెన్సును అంత కిందికి దించు.

మాస్కు రేటెంతో రేపు కనుక్కుని చెప్పు, ఫోన్‌పే చేస్తా. మీ అమ్మకు చెప్పొద్దు.

మీ పెదనాయన