రిపోర్టులో ‘మ్యాచ్’ అని ఉందని బెంబేలెత్తకు

అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

లీగల్ ఎయిడ్ నుంచి నీకు వచ్చిన మర్డర్ కేసులో డీఎన్ఏ మ్యాచ్ అయిందట, ఇక వాదించడానికి ఏం మిగిలిందని అడిగావు. ఆ టెన్షన్ నాకు అర్థమైంది. ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు కనిపించగానే కోర్టు హాల్లో గాలే మారిపోతుంది. సాక్షులు మాట మారుస్తారు గానీ సైన్స్ మార్చదు కదా అనుకుంటారు అందరూ. సైన్స్ మారదు, నిజమే. కానీ నమూనాను తీసేది, మూట కట్టేది, మోసుకెళ్లేది మనుషులే.

అందుకని రిపోర్టు చివరి పేజీ మూసేసి, ముందు ఒక తెల్లకాగితం మీద తేదీలు రాసుకో. నీ కేసులోని చొక్కా పోలీసులకు ఎప్పుడు దొరికింది? మధ్యవర్తుల (పంచనామా సాక్షుల) ముందు సీలు వేసింది ఎవరు? స్టేషన్లో ఎన్నాళ్లుంది, రిజిస్టర్లో ఎంట్రీ ఉందా? లెటర్ ఆఫ్ అడ్వైస్ (పరీక్ష చేయమని ల్యాబ్‌కు రాసే లేఖ) ఎప్పుడు వెళ్లింది, ఏ కానిస్టేబుల్ పట్టుకెళ్లాడు, ల్యాబ్‌లో ఏ రోజు ముట్టింది, ముట్టినప్పుడు సీలు సరిగ్గా ఉందని రాశారా? వీటి పక్కనే ముద్దాయి రక్తం తీసిన తేదీ వెయ్యి. రక్తం తీసిన తర్వాత కూడా ఆ చొక్కా స్టేషన్లోనే ఉండి ఉంటే, ఆ రెండూ ఒకే గదిలో ఎన్ని రోజులున్నాయో, తాళం ఎవరి దగ్గర ఉందో ఐఓని, అంటే దర్యాప్తు అధికారిని, అడిగి తీరాలి. చాలా కేసుల్లో క్రాస్ ఎగ్జామినేషన్ మొత్తం ఈ ఒక్క కాగితంలోనే ఉంటుంది.

ఢిల్లీ ఛావ్లా కేసు తీర్పు పూర్తిగా చదువు. 2012లో ఒక అమ్మాయిపై అత్యాచారం చేసి చంపిన కేసు అది. ముగ్గురికి ఉరిశిక్ష పడింది, హైకోర్టూ ఖాయం చేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురినీ వదిలేసింది. ఫిబ్రవరి 14, 16 తేదీల్లో స్వాధీనం చేసుకున్న నమూనాలు 27న గానీ ల్యాబ్‌కు వెళ్లలేదు. అన్నాళ్లూ స్టేషన్ మాల్‌ఖానాలోనే (స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలోనే) ఉన్నాయి. పైగా నిపుణుడు ఆ నిర్ణయానికి ఏ ఆధారంతో వచ్చాడో కింది కోర్టులు పరిశీలించనే లేదని సుప్రీం తప్పుపట్టింది. చదువుతుంటే ఆ అమ్మాయి తల్లిదండ్రులు గుర్తొచ్చి కడుపు తరుక్కుపోతుంది. నమూనా చెడితే ముద్దాయికే కాదు, బాధితులకూ అన్యాయమే. మనం గట్టిగా అడిగేది అందుకే.

2025 జులైలో తమిళనాడులోని తేని జిల్లా కేసులో ఇంకో తీర్పు వచ్చింది. డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లో ల్యాబ్‌కు చేరాలి, సేకరించిన నాటి నుంచి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో రిజిస్టర్ ఉండాలి అని సుప్రీంకోర్టు ఆదేశించింది. నీ కేసులో సేకరణ అంతకుముందే జరిగి ఉంటే, దాన్ని ఉల్లంఘించారని వాదించకు. ఎంత జాగ్రత్త అవసరమో చూపించడానికి మాత్రం వాడుకో.

తర్వాత ‘మ్యాచ్’ సంగతి. ఆ కణాలు ఎవరివో చెప్పగలదేమో గానీ, అక్కడికి ఎప్పుడు, ఎలా వచ్చాయో డీఎన్ఏ చెప్పదు. నీ ముద్దాయి, చనిపోయినతను ఒకే ఇంట్లో ఉండేవాళ్లని రాశావు. అలాంటప్పుడు దుప్పటి మీద ఇతని డీఎన్ఏ ఉండటంలో వింతేముంది? నమూనా ఒక్కరిదా, ఇద్దరు ముగ్గురిది కలిసిందా చూడు. వేరే ఎవరికైనా ఇలాగే కలిసే అవకాశం ఎంతో లెక్క వేశారా అడుగు. వై క్రోమోజోమ్ పరీక్ష అయితే మరీ జాగ్రత్త. తండ్రికీ కొడుకులకీ, అన్నదమ్ములకీ మామూలుగా ఒకటే వస్తుంది. గ్రాఫులతో సహా ల్యాబ్ ఫైలు మొత్తం ఇప్పించమని పిటిషన్ వెయ్యి.

వేలిముద్రలకూ ఇదే వర్తిస్తుంది. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్లలో దొరికిన ఒక ముద్ర అమెరికాలోని ఓ లాయరుదేనని ఎఫ్‌బీఐ గట్టిగా చెప్పి, ఆయన్ని 2 వారాలు నిర్బంధించింది. అది మరొకరిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక క్షమాపణ చెప్పింది. మొదటి నిపుణుడి అభిప్రాయం తెలిసిన వాళ్లే మళ్లీ సరిచూడటం ఒక లోపమని తర్వాత బయటపడింది. మన దగ్గర రెండో నిపుణుడు అసలు చూశాడా అన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. చేతిరాత, ‘మనిషి రక్తం, గ్రూపు తేలలేదు’ లాంటి మాటల మీద నీకు పెద్దగా చెప్పక్కర్లేదు, వాటి బలం అంతంతమాత్రమే.

నిపుణుడి మీద గొంతు పెంచకు. చాలామంది నిజాయితీగా పనిచేసేవాళ్లే. మర్యాదగా అడిగితే, రిపోర్టులో రాయని పరిమితులు వాళ్లే చెబుతారు. ముద్దాయికి అనుకూలమైన పరీక్ష చేయించకుండా వదిలేశారా అన్నదీ చూడు. 7 ఏళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలని బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 176(3) చెబుతోంది. నీ కేసు ఆ చట్టం కిందిదైతే క్లూస్ టీం (ఘటనాస్థలంలో ఆధారాలు సేకరించే బృందం) ఏం తీసుకుంది, ఏం తీసుకోలేదు అన్నది రాబట్టు.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకు. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 329 కింద కొందరు ప్రభుత్వ నిపుణుల రిపోర్టు, వాళ్లు బోను ఎక్కకుండానే సాక్ష్యంలోకి వచ్చేస్తుంది. నిపుణుణ్ణి పిలిపించమని నువ్వే అడగాలి. ఐఓ సాక్ష్యం మొదలయ్యేలోపే పిటిషన్ వెయ్యి, ఎందుకు పిలవాలో తేదీలతో సహా అందులో రాయి. డ్రాఫ్టు నాకు వాట్సాప్ చెయ్యి, రాత్రికి చూసి పంపిస్తాను.

నీ పెద్దనాన్న