సర్వసైన్యాధ్యక్షత రాష్ట్రపతిది, నిర్ణయం ఎవరిది? – సమాధానం

తమ్ముడూ, ఆమదాలవలస కోచింగ్ మాక్ టెస్టులో "సైన్యంపై అంతిమ నిర్ణయం రాష్ట్రపతిదే" అని పెడితే మార్కు పోయిందన్నావు. కీ సరైనదే.

53(2) అధికరణ త్రివిధ దళాల సర్వోన్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇస్తూనే, దాని వినియోగం చట్టానికి లోబడాలంది. చాలామంది మొదటి సగం చదివి ఆపేస్తారు. 74వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీదే నడవాలి. ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపొచ్చు, మళ్లీ అదే వస్తే కాదనడానికి లేదు (44వ సవరణ, 1978). ఖర్చుకు లోక్‌సభ ఆమోదం కావాలి. ఇక సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, మూడు దళాల సమన్వయం చూసే అధికారి): 2019లో ఆ పదవి సృష్టించినప్పుడే దళాధిపతులపై కమాండ్ ఉండదని చెప్పారు.

అల్లర్లయితే శ్రీకాకుళం కలెక్టర్ సైన్యాన్ని పిలవొచ్చా అన్నావు. సైన్యం కేంద్ర జాబితాలోదే అయినా, పిలవొచ్చు. నేర విచారణ పద్ధతుల చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 149వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 130) ఉంది. గుంపును వేరే దారిలో చెదరగొట్టలేక, ప్రజల భద్రతకు అది తప్పనిసరైతే జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కోరతారు. కోరడం వరకే సుమా! ఎలా చెయ్యాలన్నది సైనికాధికారి ఇష్టం, అదీ వీలైనంత తక్కువ బలంతో. కలెక్టర్ జవాన్లకు నేరుగా ఆర్డరేస్తారన్న ఆప్షన్ కనబడితే కొట్టేయ్.