పెళ్లిపత్రికల నుంచి వెబ్‌సైట్ల దాకా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక డీటీపీ సెంటరులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు, ఫ్లెక్సీలు అన్నీ పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫోటోషాప్‌లలో చేస్తాను. పత్రికలను వాట్సాప్‌లోనే పంపుకోవడం మొదలయ్యాక పని బాగా తగ్గింది. కోడ్ రాయకుండా వెబ్‌సైట్లు తయారుచేయడం మూడు నెలల్లో నేర్పుతామని ఒక శిక్షణ కేంద్రం వారు 35,000 రూపాయలు అడుగుతున్నారు. నేను బి.ఏ. చదివాను, ఇంగ్లీషు అంతంతమాత్రం. 34 ఏళ్ల వయసులో ఇది నేర్చుకుని సొంతంగా పనులు తెచ్చుకోగలనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: తెచ్చుకోగలరు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారిలో చాలామందికి లేని రెండు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. ఏ అక్షరం ఎంత ఉండాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అన్న చూపు ఒకటి. పని ఇచ్చేవారు సగం సగం చెప్పినదానిని అడిగి రాబట్టి పూర్తి పత్రికగా మార్చే ఓర్పు రెండవది. మేనమామ పేరు మరిచిపోయామంటూ రాత్రి పదింటికి వచ్చి ప్రూఫు మార్పించుకునేవారిని తొమ్మిదేళ్లు చూసినవారికి వెబ్‌సైటు అడిగే కస్టమరు కొత్త కాదు.

మీరు మార్చుకోవలసినది పేజీ గురించిన ఆలోచన. ఎ4 కాగితం ఎవరి చేతిలో ఉన్నా 210 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది కాబట్టి మీరు పెట్టినచోటే అక్షరం నిలుస్తుంది. వెబ్ పేజీకి అటువంటి కొలత లేదు; అదే పేజీ ఒకరి ఫోనులో 360 పిక్సెళ్ల వెడల్పులోనూ, మరొకరి మానిటరు మీద 1920 పిక్సెళ్లలోనూ తెరుచుకుంటుంది. అందువల్ల ‘ఈ బొమ్మ ఎడమ నుంచి 40 మిల్లీమీటర్ల దగ్గర’ అనుకునే అలవాటు పోయి, ‘ఈ పెట్టె తెరలో సగం, పక్కన చోటు చాలకపోతే కిందికి దిగాలి’ అనుకునే అలవాటు రావాలి. కోడ్ రాయనక్కరలేని (నో-కోడ్) సాధనంలో మీరు మౌసుతో పెట్టెలు జరుపుతూ ఉంటే వెనుక హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏమేమి ఉన్నాయో చెప్పే భాష), సీఎస్‌ఎస్ (అవి ఎలా కనిపించాలో చెప్పే భాష) రెండింటినీ ఆ సాధనమే రాస్తూ ఉంటుంది. ఆ రెండింటి పోకడ బొత్తిగా తెలియనివారు, ఒక పెట్టె ఫోనులో పక్కకు జారిన రోజున ఏం చేయాలో తోచక ఆగిపోతారు. కనుక మొదటి మూడు వారాలు వాటినే చేత్తో రాసి చూడండి. మార్జిన్ (పెట్టె బయటి ఖాళీ) ఏది, పాడింగ్ (లోపలి ఖాళీ) ఏది, ఫ్లెక్స్‌బాక్స్ అనే అమరిక పద్ధతి పెట్టెలను ఎలా పేరుస్తుంది అన్నంత వరకు చాలు.

తెలుగు విషయంలో మీకు వెంటనే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మీరు రోజూ వాడే అను ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలలో కూర్చుని ఉంటాయి. ఆ పాఠాన్ని కాపీ చేసి వెబ్ పేజీలో అతికిస్తే ‘శ్రీరస్తు’ ఉండవలసినచోట అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరుస కనిపిస్తుంది. పాత ఫైళ్లను, ప్రతి తెలుగు అక్షరానికి సొంత సంఖ్య ఉన్న యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో అక్షరం అక్షరం చూసుకోవాలి. మండలి, రామభద్ర, సురన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎడం తెలుగుకు చాలదు. ‘రాష్ట్రం’ కింది ఒత్తులు తరువాతి వరుసలోని గుడిని తాకకుండా, ఎడాన్ని అక్షరం పరిమాణానికి 1.6 రెట్లకు తగ్గకుండా పెట్టండి. తయారు నమూనాలను యథాతథంగా వాడేవారు ఇది గమనించరు. మీ కన్ను తప్పక గమనిస్తుంది.

ఇక ఫీజు. సాధనంలో ఏ బటను ఎక్కడుందో చూపడానికే అయితే 35,000 రూపాయలు దండుగ. వెబ్‌ఫ్లో అనే నో-కోడ్ సాధనం తన పాఠాలను ఉచితంగానే ఇస్తోంది, వర్డ్‌ప్రెస్ అనే మరొక సాధనానికి తెలుగులోనే వీడియోలు ఉన్నాయి. మీరు చేసిన పేజీని పక్కన కూర్చుని తప్పులు దిద్దేవారు ఉంటే మాత్రం ఆ దిద్దుబాటుకు డబ్బు ఇవ్వవచ్చు. గత ఏడాది నేర్చుకున్నవారు డబ్బు తీసుకుని కట్టిన సైట్లు రెండు మూడు చూపమని ఆ కేంద్రం వారిని అడగండి.

సాధనం ఒక్కటే ఎంచుకోండి. జిల్లాలోని కస్టమర్ల కోసమైతే నేను వర్డ్‌ప్రెస్ అంటాను. 2003లో మొదలైన ఈ సాఫ్ట్‌వేరు ఉచితం. 2018 డిసెంబరులో 5.0 వెర్షనుతో వచ్చిన బ్లాక్ ఎడిటరు వల్ల పేజీని ముక్కలుగా పేర్చుకోవచ్చు. ఒక హోస్టింగు (సైటును నెట్‌లో ఉంచే సంస్థ) నచ్చకపోతే సైటును మరొక చోటికి తీసుకుపోవచ్చు. విక్స్ అనే సాధనం సులువే, కానీ అక్కడ కట్టినది అక్కడే ఉండిపోతుంది. వెబ్‌ఫ్లోలో డబ్బు కట్టే ప్లానులో కోడ్‌ను బయటికి తీసుకోవచ్చు గాని, కంటెంటు నిర్వహణ, ఫారాలు ఆ కోడ్‌తో రావు. పైగా చందా డాలర్లలో ఉంటుంది. విదేశీ పనులు వెతికే రోజున దానిని నేర్చుకోవచ్చు.

మొదటి పనులు ఎక్కడివి అంటారా? మీ పత్రికల మీద కింద అచ్చయ్యే కల్యాణ మంటపాల పేర్లే చూడండి. ఆ యజమానులు, ఫోటోగ్రాఫర్లు, వంటవారు, షామియానావారు మీకు ముఖపరిచయం ఉన్నవారే. మంటపం కావలసినవారు మొదట అడిగేది ఫలానా ముహూర్తానికి ఖాళీ ఉందా అని. ఆ తరువాత భోజనాల హాలులో ఒక పంక్తికి ఎంతమంది కూర్చుంటారు, పెళ్లివారికి గదులెన్ని, జనరేటరు ఖర్చు ఎవరిది, బస్సు నిలిపే చోటుందా అని. ఈ ప్రశ్నలకు వరుసగా జవాబిచ్చే ఒక పేజీ, యజమాని తన ఫోనులోనే మార్చుకోగల గూగుల్ క్యాలెండరులో ఖాళీ తేదీలు, ఒక వాట్సాప్ బటను, ఒక మ్యాపు ఉంటే ఆయనకు రోజూ వచ్చే ఫోన్లు కొన్ని తగ్గుతాయి. ఆయన డబ్బు ఇచ్చేది అందుకే. తెర మీద ఎగిరే పూలరేకులకు ఇవ్వరు. కృత్రిమ మేధ నేడు ఒక వాక్యం చెబితే పేజీ గీసి ఇస్తుంది గాని, జనరేటరు ఖర్చు సంగతి అడగాలని దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఫైవర్ వంటి, ఆన్‌లైనులో పనులు దొరికే వేదికలకు తొందరపడకండి. అక్కడ మీ సంపాదనలో 20 శాతం కమీషను పోతుంది, కొత్తవారికి పోటీ ఎక్కువ, ఇంగ్లీషులో రాతకోతలు తప్పవు. ఇక్కడ మూడు సైట్లు నిలిచాక చూడవచ్చు. అంతవరకు డీటీపీ ఉద్యోగం మానకండి.

ప్రశ్న: ఒక దుకాణానికి 18,000 రూపాయలకు మాట్లాడుకుని సైటు కట్టాను. 5,000 ఇచ్చారు. నాలుగు నెలలుగా మార్పులు అడుగుతూనే ఉన్నారు, మిగతా డబ్బు ఇవ్వడం లేదు. డొమైను (సైటు చిరునామాగా కొన్న పేరు) నా ఖాతాలోనే ఉంది. సైటు ఆపేయవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆపవద్దు. మీ కోపం న్యాయమైనదే అయినా, దుకాణం పేరుతో ఉన్న డొమైను న్యాయంగా దుకాణానికే చెందాలి. దానిని తాకట్టులా పట్టుకుంటే రేపు తప్పు మీ మీదికి వస్తుంది. నాకు తెలిసిన ఒక బట్టల దుకాణం ప్రొద్దుటూరులో ఉంది. సైటు కట్టిన కుర్రవాడు డొమైనును తన పేరునే కొని, బెంగుళూరు వెళ్లి నంబరు మార్చాడు. గడువు తీరింది, రెన్యూవల్ హెచ్చరికలన్నీ అతని ఈమెయిలుకే పోయాయి, పేరును వేరెవరో కొనుక్కున్నారు. అప్పటికే ఆ పేరు వేలకొద్దీ క్యారీబ్యాగుల మీద అచ్చయి ఉంది. యజమాని సంచి చేతిలో పట్టుకుని నాకు ఆ పేరు చూపించిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అయ్యే వస్తువు విషయంలో అంత నష్టం.

ఇప్పుడు చేయవలసినది ఇది: ఇంతవరకు చేసిన మార్పులన్నీ తేదీలతో రాసి, మిగిలిన 13,000 రూపాయలకు బిల్లు పెట్టి, అది అందేవరకు కొత్త మార్పులు చేయబోనని మర్యాదగా పంపండి. డొమైనును వారి ఈమెయిలు మీదికి మారుస్తానని అందులోనే చెప్పండి. బిల్లుకు జీఎస్టీ ఉండాలా అని సందేహించకండి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటనివారికి సాధారణంగా ఆ నమోదు అవసరం లేదు.

వచ్చే పనికి మాత్రం ముందే రాసుకోండి: పేజీలు ఎన్ని, ఫోటోలు, ధరలు ఎవరు ఏ తేదీలోగా ఇస్తారు, మార్పులు ఎన్ని విడతలు, ఆపైన విడతకు ఎంత. సగం ముందుగా, మిగతాది సైటును అసలు డొమైనుకు కలిపే ముందు. ఇదంతా ఒక వాట్సాప్ సందేశంగా పంపి, ‘సరే’ అనిపించుకున్నా పనికి వస్తుంది.

ప్రశ్న: బి.కామ్. చదువుతున్న మా అమ్మాయి వెబ్‌సైట్లు కట్టడం ఫోనులోనే నేర్చుకోగలదా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: పాఠాలు చూడడానికి ఫోను చాలునమ్మా, చేయడానికి చాలదు. పెట్టెలను పేర్చే తెరలు పెద్ద తెర కోసం తయారైనవి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, వాడినదైనా సరే, సరిపోతుంది. కొనే ముందు బ్యాటరీ గంటసేపు నిలుస్తోందో లేదో అంగట్లోనే కూర్చుని చూడండి. కొన్నాక కూడా ఫోనును పక్కన పడేయవద్దు. తాను కట్టిన పేజీని అమ్మాయి అందులో తెరిచి చూడాలి, ఎందుకంటే కస్టమర్లు చూసేది అక్కడే.