యూఎస్‌బీ డ్యాక్‌తో పాట మధ్యలో టక్కుమంటుంటే, రీబూట్ తరువాత శబ్దమే రాకపోతుంటే ఎక్కడి నుంచి వెతకాలి?

మీ ప్రశ్నలో రెండు ఇబ్బందులు ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు యూఎస్‌బీ డ్యాక్ (డిజిటల్ పాటను స్పీకర్లకు వెళ్లే శబ్ద సంకేతంగా మార్చే పరికరం) తగిలించి, ఎంపీడీ అనే మ్యూజిక్ ప్లేయర్ ప్రోగ్రామ్ ద్వారా నెట్‌వర్క్ డిస్కులోని పాటలు వింటున్నప్పుడు అప్పుడప్పుడు టక్కుమనే చప్పుడు రావడం, శాంపిల్ రేటు (సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలిచారో ఆ సంఖ్య) 96 కిలోహెర్ట్జ్‌కు మించిన ఫైళ్లలో అది మరింత ఎక్కువ కావడం మొదటిది. బోర్డును ఆపి మళ్లీ వేసినప్పుడు ఒక్కోసారి ప్లేయర్‌లో పాట ముందుకు సాగుతున్నట్టే కనిపించినా స్పీకర్లలో ఏమీ వినిపించకపోవడం రెండోది. ఇలాంటి బోర్డుతోనే చాలాకాలంగా సంగీతం వింటున్న నాకు ఈ రెండూ ఎదురయ్యాయి. వాటి కారణాలు పూర్తిగా వేరుగా తేలాయి కాబట్టి, రెండింటినీ కలిపి ఒకే మందు వెతకకండి. సులువుగా తేలే రెండోదాన్ని ముందు చూద్దాం.

లినక్స్‌లో శబ్దాన్ని నడిపే ఆల్సా వ్యవస్థ, సౌండ్ కార్డులకు అవి కనబడిన వరుసలో 0, 1, 2 అని సంఖ్యలు ఇస్తుంది. ఈ బోర్డులో హెచ్‌డీఎంఐ, హెడ్‌ఫోన్ జాక్ కూడా కార్డులుగానే నమోదవుతాయి. బూట్ అయ్యే సమయంలో డ్యాక్ కాస్త ముందు మేల్కొంటే దానికి ఒక సంఖ్య, కాస్త ఆలస్యమైతే మరో సంఖ్య వస్తుంది. ఎంపీడీ సెట్టింగులలో డివైస్ అనే చోట సంఖ్య రాసి ఉంటే, ఒక రోజు ఆ సంఖ్య డ్యాక్‌దవుతుంది, మరో రోజు హెచ్‌డీఎంఐదవుతుంది. పాట సాగుతున్నట్టు కనిపిస్తూ శబ్దం రాకపోవడానికి నాకు దొరికిన కారణం ఇదే: పాట నిజంగానే ప్లే అవుతోంది, కానీ ఏ తెరా తగిలించని హెచ్‌డీఎంఐ పోర్టుకు వెళుతోంది. ప్రాక్ డైరెక్టరీలోని అసౌండ్ ఫోల్డర్‌లో కార్డ్స్ అనే ఫైలు తెరిస్తే ప్రతి కార్డు సంఖ్య పక్కన చదరపు బ్రాకెట్లలో ఒక పొట్టి పేరు ఉంటుంది. సెట్టింగులో సంఖ్యను తీసేసి ఆ పేరును రాయండి. పేరు బూట్‌కు బూట్‌కు మారదు.

పేరు రాసిన తరువాత కూడా శబ్దం రాకపోతే ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6 మీటతో డ్యాక్‌ను ఎంచుకుని, దాని వాల్యూమ్ సున్నాలో గానీ మ్యూట్‌లో గానీ ఉందేమో చూడండి. పాట నడవకుండా, పరికరం బిజీగా ఉందన్న సందేశం లాగ్‌లో కనిపిస్తే, పల్స్ఆడియో లేదా పైప్‌వైర్ వంటి మరో ప్రోగ్రామ్ డ్యాక్‌ను తన చేతిలో ఉంచుకుందని అర్థం. డ్యాక్‌ను నేరుగా తెరిచే పద్ధతిలో ఒకసారికి ఒక్క ప్రోగ్రామ్‌కే చోటుంటుంది. సంగీతానికి మాత్రమే కేటాయించిన బోర్డులో ఆ ప్రోగ్రామ్‌లు అవసరం లేదు, తీసేయడమే మేలు.

ఇక అసలు చిక్కు టక్కుమనే చప్పుడుది. దీని గురించి ఇచ్చే సలహాల్లో ఎక్కువగా వినబడేది బఫర్‌ను, అంటే పాట డేటాను ముందుగా కొంత నిల్వ ఉంచే చోటును, పెంచమనడం. ఆ సలహా కొన్ని సందర్భాల్లో సరైనదే. అయితే మీ విషయంలో అది పనికొస్తుందో లేదో తెలియాలంటే, శబ్దం బఫర్‌కు ముందు తెగుతోందా, తరువాత తెగుతోందా అన్నది మొదట తేల్చుకోవాలి. పాట డేటా నెట్‌వర్క్ నుంచి ఎంపీడీకి, అక్కడి నుంచి ఆల్సా బఫర్‌కు, చివరికి యూఎస్‌బీ తీగ గుండా డ్యాక్‌కు చేరుతుంది. నెట్‌వర్క్ ఆలస్యమైనా, ప్రాసెసర్ వేరే పనిలో చిక్కుకున్నా బఫర్ ఖాళీ అవుతుంది. అటువంటప్పుడు పెద్ద బఫర్ ఆదుకుంటుంది. కానీ యూఎస్‌బీలో శబ్దం ప్రయాణించే ఐసోక్రోనస్ పద్ధతిలో, దెబ్బతిన్న ప్యాకెట్‌ను మళ్లీ పంపే ఏర్పాటే లేదు. పెన్‌డ్రైవ్‌కు ఫైలు కాపీ చేసేటప్పుడు పొరపాటు దొర్లితే ఆ ముక్కను తిరిగి పంపుతారు కనుక ఫైలు చెడదు. శబ్దానికి సమయం ముఖ్యం కాబట్టి పోయిన ప్యాకెట్ పోయినట్టే, ఆ చోట టక్కుమంటుంది. అలా తీగ మీద జరిగే నష్టాన్ని దానికి ముందున్న బఫర్ ఎంత పెద్దదైనా ఆపలేదు.

ఇది తేల్చడానికి నేను చేసే పరీక్ష చాలా చిన్నది. ఎక్కువగా టక్కుమనే 24 బిట్ ఫైలు ఒకటి తీసుకుని, వేవ్ రూపంలోకి మార్చి, డెవ్ డైరెక్టరీలోని ఎస్‌హెచ్‌ఎమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అది మెమరీలో ఉండే ఫోల్డర్ కాబట్టి నెట్‌వర్క్‌తో గానీ ఎస్‌డీ కార్డుతో గానీ పని ఉండదు. ఎంపీడీని ఆపి, ఏప్లే ఆదేశంతో ఆ ఫైలును నేరుగా డ్యాక్‌కు పంపండి. శాంపిల్ ఫార్మాట్ కుదరదని ఏప్లే మొరాయిస్తే, కార్డు పేరు ముందు హెచ్‌డబ్ల్యూ బదులు ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ అని రాస్తే మార్పిడి అదే చేసుకుంటుంది. ఇలా విన్నప్పుడు చప్పుడు మాయమైతే తప్పు నెట్‌వర్క్‌లోనో ఎంపీడీ సెట్టింగులలోనో ఉంది. ఇక్కడా టక్కుమంటే ఎంపీడీని ముట్టుకోకండి, తీగల వైపు చూడండి.

తీగల వైపు అన్నప్పుడు నేను మొదట అనుమానించేది విద్యుత్తునే. నా బోర్డు విషయంలో దోషం తేలింది అక్కడే. ఫోన్ ఛార్జర్‌తో, సన్నని పొడవాటి కేబుల్‌తో నడుస్తున్న ఆ బోర్డులో పాట నిశ్శబ్దంగా ఉన్న చోట్ల బాగానే ఉండేది. మెమరీ కార్డు, నెట్‌వర్క్, డ్యాక్ మూడూ ఒకేసారి పని చేసినప్పుడు టక్కుమనేది. లెక్క చూస్తే ఆశ్చర్యం ఉండదు. కేబుల్ తీగల్లో రానూ పోనూ కలిపి 0.2 ఓం నిరోధం ఉన్నా చాలు, 2 ఆంపియర్ల కరెంటు లాగినప్పుడు 0.4 వోల్టులు దారిలోనే పోతాయి. 5 వోల్టుల ఛార్జర్ అయితే బోర్డుకు చేరేది 4.6 వోల్టులు. 4.63 వోల్టులకు దిగువన బోర్డు వోల్టేజి తక్కువైందని హెచ్చరిస్తుంది. పై 3కి సూచించిన అడాప్టర్ 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్లది, ఆ అదనపు 0.1 వోల్టు కేబుల్‌లో పోయేదాన్ని పూడ్చడానికే. డ్యాక్ కూడా బోర్డు పోర్టు నుంచే కరెంటు తీసుకునే రకమైతే, యూఎస్‌బీ 2.0 నియమం ప్రకారం అది ఒక్కటే 500 మిల్లీఆంపియర్ల వరకు లాగవచ్చు.

దీన్ని ఊహతో కాకుండా చూసి తెలుసుకోవచ్చు. వీసీజెన్‌సీఎండీ ఆదేశానికి గెట్ థ్రాటిల్డ్ అని జోడించి నడిపితే ఒక విలువ వస్తుంది. అది సున్నా అయితే విద్యుత్తు సంగతి వదిలేయవచ్చు. 50000 అని వస్తే, బోర్డు వేసినప్పటి నుంచి ఎప్పుడో ఒకప్పుడు వోల్టేజి పడిపోయిందనీ, ప్రాసెసర్ వేగాన్ని తగ్గించుకోవలసి వచ్చిందనీ అర్థం. 50005 అయితే అది ఈ క్షణంలో కూడా జరుగుతోందని అర్థం. పాట టక్కుమన్న వెంటనే ఈ ఆదేశం నడపండి. డీమెసేజ్ ఆదేశంతో కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) లాగ్‌ను తెరిచి, అందులో వోల్టేజి హెచ్చరికలు గానీ డ్యాక్ ఊడిపోయి మళ్లీ కలిసినట్టు చెప్పే వరుసలు గానీ చప్పుడు వచ్చిన సమయానికే ఉన్నాయేమో చూడండి. నా దగ్గర సరైన అడాప్టర్, పొట్టి కేబుల్ వాడిన తరువాత చాలా వరకు సర్దుకుంది. సొంత అడాప్టర్ ఉన్న హబ్‌కు డ్యాక్‌ను మార్చిన తరువాత మిగిలినదీ పోయింది. హబ్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని హబ్‌లు తమ కరెంటును వెనక్కి బోర్డులోకి కూడా పంపుతాయి. బోర్డు అడాప్టర్‌ను తీసేసినా దాని ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటే అలాంటి హబ్‌ను వాడకండి.

విద్యుత్తు బాగానే ఉందని తేలితే, పై 3 నిర్మాణంలోని ఒక సంగతి మీకు తెలియాలి. ఈ బోర్డు ప్రాసెసర్ నుంచి బయటికి వచ్చే యూఎస్‌బీ దారి ఒక్కటే. బోర్డు మీదున్న చిప్ ఆ ఒక్క దారినే నాలుగు పోర్టులకూ, ఈథర్‌నెట్‌కూ పంచుతుంది. అంటే నెట్‌వర్క్ డిస్కు నుంచి పాట వచ్చేదీ, డ్యాక్‌కు పాట వెళ్లేదీ ఒకే దారి. 480 మెగాబిట్ల ఆ దారికి శబ్దం పరిమాణం ఒక లెక్కలోనిది కాదు. 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ స్టీరియోకు సెకనుకు 9.2 మెగాబిట్లు చాలు. ఇక్కడ ఇబ్బంది పరిమాణంతో కాదు, సమయంతో. డ్యాక్‌కు ప్రతి మిల్లీసెకనుకో, వేగవంతమైన పద్ధతిలో ప్రతి 125 మైక్రోసెకన్లకో ఒక ప్యాకెట్ తప్పకుండా అందాలి. నెట్‌వర్క్ నుంచి డేటా గుంపుగా వచ్చి పడే సమయంలో ఆ గడువు తప్పే అవకాశం ఎక్కువ. కనుక ఈథర్‌నెట్ కేబుల్ తీసి, బోర్డులో ఉన్న వైఫైతో ఒకసారి వినండి. సాధారణంగా వైఫై కన్నా కేబులే నమ్మకమైనదని నేనూ అంటాను, కానీ ఈ బోర్డులో వైఫై చిప్ యూఎస్‌బీ మీద కాక వేరే దారిలో కలిసి ఉంటుంది కాబట్టి ఈ పరీక్షకు అది సరైన సాధనం. పరీక్ష సమయంలో వైఫై పవర్ సేవింగ్‌ను ఆపేయండి, లేకపోతే అది తెచ్చే ఆలస్యాలు ఫలితాన్ని కలగాపులగం చేస్తాయి. వైఫైలో చప్పుడు పోతే కారణం దారి పంపకమేనని తేలినట్టు. 2019లో వచ్చిన పై 4 నుంచి ఈథర్‌నెట్‌కు విడిగా దారి ఉంది, యూఎస్‌బీకి వేరే కంట్రోలర్ ఉంది. బోర్డు మార్చే ఆలోచన మీకు ఉంటే ఈ ఒక్క కారణమే చాలు.

96 కిలోహెర్ట్జ్‌కు మించినప్పుడే ఎక్కువ అవుతోందన్నారు కాబట్టి, డ్యాక్ ఏ పద్ధతిలో కలిసిందో కూడా చూడాలి. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 1 పరికరాలు 12 మెగాబిట్ల ఫుల్ స్పీడ్‌లో పనిచేస్తాయి. అక్కడ ఒక మిల్లీసెకనుకు ఒక ప్యాకెట్‌లో గరిష్ఠంగా 1023 బైట్లే పడతాయి. 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ స్టీరియోకు 576 బైట్లు కావాలి, సరిపోతుంది; 192కు 1152 కావాలి, పట్టదు. అందుకే అలాంటి డ్యాక్‌కు 192 ఫైలు ఇచ్చినప్పుడు ఎంపీడీయో ఆల్సాయో దాన్ని అప్పటికప్పుడు తక్కువ రేటుకు మారుస్తుంది, ఆ పని ప్రాసెసర్ మీద పడుతుంది. పైగా ఫుల్ స్పీడ్ పరికరం హై స్పీడ్ (480 మెగాబిట్ల) హబ్ వెనుక ఉన్నప్పుడు ప్రతి ప్యాకెట్‌నూ విడగొట్టి, సరైన క్షణంలో పంపవలసి వస్తుంది. పై 3 కంట్రోలర్‌లో ఈ పనిలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ మీదే ఉంటుంది. మీ డ్యాక్ వెనుక క్లాస్ 1, క్లాస్ 2 అని ఎంచుకునే స్విచ్ ఉంటే, హై స్పీడ్‌లో పనిచేసే 2లో పెట్టండి. లినక్స్‌కు అందుకు వేరే డ్రైవర్ అక్కర్లేదు.

పాట నడుస్తుండగా అసౌండ్ ఫోల్డర్‌లో మీ కార్డు పేరున్న చోట స్ట్రీమ్0 అనే ఫైలు చదవండి. డ్యాక్ హై స్పీడ్‌లో కలిసిందా ఫుల్ స్పీడ్‌లోనా, ఏ రేట్లు అంగీకరిస్తుంది, గడియారం తనదా కంప్యూటర్‌దా అన్నవన్నీ అందులో ఉంటాయి. అసింక్ అని ఉంటే డ్యాక్ తన గడియారంతోనే నడుస్తూ, డేటా ఎంత వేగంతో పంపాలో బోర్డుకు తిరిగి చెబుతుంది. మొమెంటరీ ఫ్రీక్వెన్సీ అని రాసి ఉన్న వరుస ఆ తిరుగు సమాచారమే. 44,100 పాటకు అది 44,100 చుట్టూ అతి స్వల్పంగా మాత్రమే కదలాలి. దానికి దూరంగా ఎగిరిపడుతుంటే డ్యాక్‌నో కేబుల్‌నో అనుమానించాలి. అదే చోట పీసీఎమ్0పీ ఫోల్డర్ లోపలున్న సబ్0 ఫోల్డర్‌లోని హెచ్‌డబ్ల్యూ పారమ్స్ ఫైలులో నిజంగా వెళుతున్న రేటు కనిపిస్తుంది. 44,100 పాట పెట్టి అక్కడ 48,000 చూస్తే, మధ్యలో ఎవరో మారుస్తున్నారు.

పాటల మధ్య శాంపిల్ రేటు మారిన ప్రతిసారీ మొదటి క్షణంలో చిన్నగా క్లిక్ వినబడితే దాని వెంట పడకండి. డ్యాక్ తన గడియారాన్ని మార్చుకునేటప్పుడు అవుట్‌పుట్‌ను మూసి తెరిచే చప్పుడు అది, మీరు చెబుతున్న దోషంతో దానికి సంబంధం లేదు.

పాత సలహాల్లో ఒకటి మీకు ఎదురై ఉండవచ్చు: బూట్ సెట్టింగులలో డీడబ్ల్యూసీ ఓటీజీ స్పీడ్ విలువను 1 చేయమని. అది యూఎస్‌బీ దారి మొత్తాన్ని 12 మెగాబిట్లకు దించుతుంది. ఈథర్‌నెట్ కూడా దాని మీదే ఉంది కాబట్టి నెట్‌వర్క్ నుంచి పాటలు తెచ్చుకునే మీకు అది నష్టమే, క్లాస్ 2 డ్యాక్‌కు మరింత నష్టం. ఆ వరుస మీ సెట్టింగులలో ఇప్పటికే ఉంటే ముందు దాన్ని తీసేయండి.

ఇవన్నీ చూసిన తరువాత కూడా చప్పుడు ఉంటే, గెట్ థ్రాటిల్డ్ విలువ, పాట నడుస్తుండగా తీసిన స్ట్రీమ్0 ఫైలు, చప్పుడు వచ్చిన నిమిషానికి సంబంధించిన కెర్నల్ లాగ్ వరుసలు ఇక్కడే మీ ప్రశ్నకు జతచేయండి. మెమరీ నుంచి ఏప్లేతో విన్నప్పుడు ఏమైందో కూడా రాయండి, ఎందుకంటే మిగతా మూడింటినీ ఎలా చదవాలన్నది ఆ జవాబును బట్టే ఉంటుంది.